రిలీవరు వచ్చేదాకా

మా సంఘాల్లో బైబిలు ఉమన్ అని ఒక ఉద్యోగం ఉంది. పాస్టరు గారు మందిరంలో మాట్లాడతారు, మేము ఇళ్ళలో మాట్లాడతాం. ఆయనకు మైకు ఉంటుంది. మాకు వంటింటి గుమ్మం దగ్గర ఒక పీట ఉంటుంది, అదీ ఆ ఇల్లాలికి మనసుంటే. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధులన్నీ నేను ఈ పని మీదే తిరిగాను. మోకాళ్ళు మొరాయించాక మానేశాను.

మధురవాడ బైబిలు బడిలో ఈ పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు మొన్న మా ఇంటికి వచ్చి, "మార్తమ్మక్కా, మీ అనుభవాలు రాసిస్తే మాకు పనికొస్తాయి" అన్నారు. ఎన్ని ఇళ్ళు తిరిగానో, ఎన్ని ప్రార్థన కూడికలు పెట్టానో రాస్తే ఎవరికీ పనికిరాదు. రిటైరైన రోజు మా మిషన్ వాళ్ళు నాకు శాలువా కప్పి అవన్నీ చదివేశారు కూడా. వింటూ నాకే ఆవలింతలొచ్చాయి. అందుకని ఒక్క సంగతి గురించే రాస్తాను. నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టిన సంగతి అది. ప్రభువు రాకడ ముందా, శ్రమల కాలం ముందా అన్నది.

నవ్వకండి. మీ బడిలో దీనికి ఒక వారం ఇచ్చి, పరీక్షలో ఒక ప్రశ్న అడిగి వదిలేస్తారని నాకు తెలుసు. బయట అది పరీక్ష ప్రశ్నలా రాదు. ఉల్లిపాయలు తరుగుతున్న ఆడమనిషి నోట్లోంచి, తల ఎత్తకుండా వస్తుంది. అప్పుడు మీ నోట్సు అక్కరకు రాదు.

ముగ్గురు అయ్యగార్లు

తెలియనివాళ్ళ కోసం ముందు అసలు విషయం చెబుతాను. ప్రభువు మళ్ళీ వస్తాడని మేమంతా నమ్ముతాం. వచ్చినప్పుడు తనను నమ్మినవాళ్ళను మధ్యాకాశంలోకి తీసుకుంటాడని నమ్ముతాం. దాన్ని ఎత్తబడటం అంటాం. లోకం మీదికి ఏడేళ్ళ మహాశ్రమలు వస్తాయని కూడా నమ్ముతాం. ఆకలి, యుద్ధాలు, తెగుళ్ళు, ఇంకా చెప్పలేని బాధలు. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా వరస దగ్గరే. శ్రమలు మొదలు కాకముందే ఎత్తబడతామని కొందరంటారు. సగంలో ఎత్తబడతామని కొందరు. శ్రమలన్నీ పడ్డాకే అని ఇంకొందరు. ముగ్గురూ వాక్యం తీసే చూపిస్తారు. చాలాసార్లు ఒకే వాక్యం చూపిస్తారు.

మా మిషన్‌లో పాస్టర్లకు బదిలీలుంటాయి, బైబిలు ఉమన్‌కు ఉండవు. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో ముగ్గురు అయ్యగార్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. మొదటాయన దైవాశీర్వాదం గారు, 'ముందే' అనే మనిషి. రెండో ఆయన సుందరరావు గారు, 'సగంలో' అనే మనిషి. మూడో ఆయన విక్టర్ గారు, 'తర్వాతే' అనే మనిషి. అయ్యగారు మారినప్పుడల్లా మా సంఘం కూడా వరస మార్చుకునేది. పెద్ద బాధేం పడేది కాదు. చాలామందికి అది ఆదివారం సంగతి. సోమవారం మళ్ళీ షిఫ్టు, పిల్లల బడి, మంచినీళ్ళ కుళాయి.

ఒక్క మనిషికి మాత్రం అది పూటపూటా అన్నం సంగతి అయింది. ఆవిడ పేరు పైడమ్మ.

చాప చివర మనిషి

పైడమ్మ విజయనగరం వైపు పల్లె నుంచి పెళ్ళి చేసుకుని కంచరపాలెం వచ్చింది. భర్త అప్పలస్వామి పోర్టులో ఖనిజం మోసే బెల్టు దగ్గర పనిచేసేవాడు. పిల్లల్లేరు. అప్పలస్వామికి పక్షవాతం వచ్చి కుడి వైపంతా పడిపోయింది. ఆ కష్టంలో ఎవరో ప్రార్థనకు తీసుకొస్తే పైడమ్మ మా మందిరానికి వచ్చి, ఇక మానలేదు. అప్పలస్వామి మాత్రం రాలేదు, నమ్మలేదు. తిట్టనూ లేదు.

ఆవిడ ఎప్పుడూ చాప చివర, గుమ్మం పక్కన కూర్చునేది. మొగుడికి ఏ అవసరమొస్తుందోనని లేచి పరుగెత్తడానికి వీలుగా. పాటలన్నీ వచ్చు. ఉపవాసాలు ఉండేది. అందరికన్నా ముందొచ్చి చాపలు పరిచేది. నీళ్ళలో మునిగి బాప్తిస్మం మాత్రం తీసుకోదు. ప్రభువు బల్ల రోజున, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు, కొంగు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయేది.

దైవాశీర్వాదం గారు నన్ను కనిపించినప్పుడల్లా అడిగేవారు. "మార్తమ్మ గారూ, పైడమ్మ సంగతి ఏం చేశారు?" ఆయన దగ్గర తెల్లబట్ట మీద రంగులతో వేయించిన పెద్ద పటం ఉండేది. కింద లోకం, మధ్యలో మబ్బులు, మబ్బుల్లోకి పోతున్న తెల్లబట్టల మనుషులు, వాళ్ళు పోయాక కింద మిగిలినవాళ్ళ మీద ఎర్రరంగు. ఆ ఎర్రరంగు పెయింటరు కాస్త ధారాళంగానే వేశాడు.

మొగుడే అడ్డం పడుతున్నాడని నేను తేల్చేసుకున్నాను. సగం ఇళ్ళలో అదే జరుగుతుంది గనక. కొంగు బిగించి వెళ్ళి అప్పలస్వామినే నిలదీశాను.

"నీ పెళ్ళాం దేవుడి దగ్గరికి పోతానంటే నీకేమయ్యా అడ్డం?"

అతని నోరు ఒక పక్కకు లాగేసి ఉంటుంది. అయినా నవ్వితే తెలుస్తుంది. "నానేటి అడ్డం పడేది అక్కా? లెగలేనోడు అడ్డమెలగ పడతాడు? బేగి ములిగీయే అని నానే సెప్తన్నాను. ఇనదు. దాన్నే అడగండి."

వంటింట్లోకి వెళ్ళాను. పైడమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

"అక్కా, నన్ను ముంచీసినాక మరి ఎత్తీసుకుంతారు కదా. అయ్యగారు పటంలో సూపించినారు."

"అవును. సంతోషమే కదా?"

"ఆయన్ని ఎత్తరు కదా. ఆయన నమ్మలేదు." కత్తిపీట ఆపింది. "ఏడేళ్ళంట. పక్కకి తిప్పకపోతే ఒక్క పూటకే వీపు ఎర్రబడిపోద్ది ఆయనకి. ఏడేళ్ళు ఎవులు తిప్పుతారక్కా? అన్నం ఎవులు పెడతారు? ఆ కరువులోన ఎవులిల్లు ఆలు సూసుకోరేటి?"

"అందుకని?"

"అందుకని నాను ఉండిపోతాను. ఇద్దర్నీ ఒకేపాలి వదిలీమను."

బాప్తిస్మం వాయిదా వేయడానికి నేను చాలా సాకులు విన్నాను. అత్త ఒప్పుకోదని, నీళ్ళు చల్లగా ఉంటాయని, ముందు పెళ్ళి సంబంధం కుదరనివ్వమని. పరలోకం తలుపు తీసి ఉన్నా, మొగుడికి అన్నం పెట్టాలని బయటే ఆగిపోయిన మనిషిని మాత్రం అంతకుముందు చూడలేదు. ఆ ఉల్లిపాయలు నేను తీసుకుని తరిగాను.

నమ్మడం మానేయడం

దైవాశీర్వాదం గారికి చెప్పాను. ఆయన మంచి మనిషి. తుఫాను వచ్చినప్పుడు మందిరం తలుపులు బార్లా తీసి, వీధంతటికీ, కులం మతం అడక్కుండా, కిచిడీ వండించిన మనిషి. కానీ ఆయనకు జవాబు తెలిసిన ప్రశ్న వస్తే సాంతం వినేవారు కాదు. ఆ ఆదివారమే పైడమ్మను పిలిచి సిద్ధాంతం సరిచేశారు. "ఎత్తబడేది నీళ్ళ వల్ల కాదమ్మా, విశ్వాసం వల్ల. నువ్వు నమ్మావు. మునిగినా మునగకపోయినా నిన్ను ఎలాగూ తీసుకుంటాడు. కాబట్టి భయం లేకుండా బాప్తిస్మం తీసుకో."

సిద్ధాంతంలో ఒక్క పొల్లు మాట లేదు. తర్వాతి ఆదివారం పైడమ్మ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. చాపలు పరిచేవాళ్ళు లేక ఆలస్యమవుతోందని పెద్దలు విసుక్కుంటే అప్పుడు తెలిసింది అందరికీ.

నేను వెళ్ళేసరికి గోడ మీద వాక్యం రాసి ఉన్న క్యాలెండరు లేదు. దాని మేకు ఉంది. పైడమ్మ ట్రంకుపెట్టె తీసి తన పాటల పుస్తకం నా చేతిలో పెట్టింది.

"మానీసినాను అక్కా."

"రావడమా?"

"నమ్మడం."

నాకు కోపమొచ్చింది. అది నీళ్ళ బిందా, దించి పక్కన పెట్టడానికి అన్నాను. పైడమ్మ గుమ్మం మీద కూలబడింది.

"మానడం రాట్లేదక్కా. కుక్కరు మూత తియ్యగానే నోటికి తోత్రం వచ్చీసి, నాలిక కరుసుకుంతన్నాను. రేతిరి ఆయన్ని తిప్పినప్పుడు, ప్రభువా ఈ సెయ్యి కొంచెం లెగ్గొట్టు అని అడిగీసాను. అడిగీసినాక గేపకమొచ్చినాది, అడగకూడదు కదా అని." కళ్ళు తుడుచుకుంది. "ఎలగ మానాలో మీకు తెలిస్తే సెప్పండి."

ఆ పని మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు. గట్టిగా నమ్ముతున్న మనిషే అలా అడగగలదని అప్పుడే అర్థమైంది, కానీ పైకి అనలేదు. అంటే ఇంకా భయపడేది.

ఆ తర్వాత చాలా కాలం నేను ఆ ఇంటికి వాక్యం లేకుండా వెళ్ళాను. ప్రార్థన చేయలేదు, పాట పాడలేదు. ఆమె ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని అప్పలస్వామిని తిప్పేవాళ్ళం, టీ తాగి వచ్చేసేదాన్ని. పని ఎగ్గొడుతున్నానని ఒక సంఘ పెద్ద అన్నాడు. కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. కొన్ని ఇళ్ళకు వాక్యం సంచిలోనే పెట్టుకుని వెళ్ళాలి. ఎవరేమన్నా వెళ్ళాలి.

సగం

దైవాశీర్వాదం గారికి బదిలీ అయింది. పటం కూడా ఆయనతో వెళ్ళిపోయింది. సుందరరావు గారు వచ్చారు. కుళాయి దగ్గర పైడమ్మ నన్ను ఆపింది.

"కొత్త అయ్యగారు ఏటంతన్నారు?"

చెప్పాను. శ్రమల్లో సగం వరకు సంఘం ఇక్కడే ఉంటుందని, అసలు ఘోరమైన భాగం రాకముందు ఎత్తబడుతుందని. పైడమ్మ బిందె కింద పెట్టింది.

"అంటే అసలు అవసరమైనప్పుడు నాను లేనన్నమాట." బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సుందరరావు గారి గురించి ఇంకేం రాయను. ఆరోగ్యం బాగోక తొందరగానే వెళ్ళిపోయారు. ఆయన భార్య చేసిన కాకరకాయ వేపుడు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

అదే రోజుల్లో అందరి చేతుల్లోకి పెద్ద ఫోన్లు వచ్చాయి. ఎక్కడ యుద్ధం మొదలైనా, గ్రహణం పట్టినా, ఫలానా తేదీన రాకడ అని ఎవరో ఒకరు వీడియో పెట్టేవాళ్ళు. సీతమ్మధారలో చదువుకున్న ఇళ్ళలో కూడా వాటిని చూసి నిద్ర పోనివాళ్ళున్నారు. ఈ విషయంలో నా పద్ధతి చెబుతాను. తేదీ గురించి ముందు వాదించకండి, వినరు. ఆ తేదీ దాటిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళండి. ముందు రోజు వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు. మర్నాడు సిగ్గుతో తలుపేసుకున్నప్పుడు ఎవరూ వెళ్ళరు. వెళ్ళి ఆ తేదీ మాటే ఎత్తకుండా భోంచేసి రండి.

విక్టర్ గారు

మూడో అయ్యగారు విక్టర్ గారు వయసులో చిన్నవారు. స్టీల్ ప్లాంటులో పనిచేసిన తండ్రికి కొడుకు. వచ్చిన కొత్తలోనే రాకడ గురించి బోధ మొదలుపెట్టారు. పైడమ్మకు నేను కబురు చేయలేదు. వీధిలో ఎవరో చెప్పినట్టున్నారు. ఆ ఆదివారం వచ్చి, తన పాత చోట, చాప చివర కూర్చుంది.

విక్టర్ గారు మెల్లగా చెప్పారు. సంఘం శ్రమలను తప్పించుకోదని, వాటి గుండానే నడుస్తుందని, అంతా అయ్యాకే ప్రభువు వచ్చి తీసుకుంటాడని. మందిరంలో ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. ముందే ఎత్తబడతామని అంతకాలం ధైర్యంగా ఉన్నవాళ్ళు మరి. పైడమ్మ కూడా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఓదారుద్దామని వెళ్ళి పక్కన కూర్చున్నాను. కొంగు తీస్తే నవ్వుతోంది. కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా నవ్వు.

"అక్కా, ఏడేళ్ళూ ఉంతానంట. ఏడేళ్ళూ ఆయన కాడే ఉంతాను."

కూడిక అవగానే విక్టర్ గారి దగ్గరికి వెళ్ళి బాప్తిస్మానికి పేరిచ్చింది.

నేను సంతోషించాల్సింది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ఈయనకూ బదిలీ అవుతుంది. తర్వాత వచ్చే ఆయన ఇంకో పటం తెస్తాడు. నీళ్ళలో మునిగి వచ్చాక ఎవరైనా 'ముందే' అంటే ఈ మనిషి ఏమైపోతుంది? సాయంత్రం విక్టర్ గారి ఇంటికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క మాట అనలేదు. నేను ముగ్గురు అయ్యగార్ల కింద పనిచేశాను, మొత్తం విన్నది ఈయనొక్కరే.

"నేను చెప్పిన వరస తప్పైతే?" అన్నారు.

"అదే నా భయం అయ్యగారూ."

"నాకన్నా చదువుకున్నవాళ్ళు, నాకన్నా భక్తి ఉన్నవాళ్ళు కాదంటున్నారు. నేను నమ్మిందే చెప్పాను. కానీ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టలేను." టీపాయి మీద గ్లాసు అటూ ఇటూ జరిపారు. "ఏ వరసలో జరిగినా ఆవిడకు భయం లేకుండా ఉండాలంటే ఏం చేయాలి?"

"ఆవిడ భయం రాకడ గురించి కాదండీ. అన్నం గురించి, వీపు గురించి."

ఇద్దరికీ ఒకేసారి తట్టిందనుకుంటాను. ఎవరైనా ఒకరు ఉండాలి. ఎత్తబడని మనిషి ఉండాలి.

ఉండేవాడు

అప్పలస్వామి ఇంటికి రెండిళ్ళ అవతల గురునాయుడు ఉండేవాడు. ఇద్దరూ పోర్టులో ఒకే బెల్టు దగ్గర, ఒకరి తర్వాత ఒకరు షిఫ్టు చేసినవాళ్ళు. ఒకరినొకరు బావా అనుకునేవారు. గురునాయుడు సింహాచలం అప్పన్న భక్తుడు, నామం లేకుండా బయటికి రాడు. భార్య పోయాక కొడుకు దగ్గర ఉంటున్నాడు. రోజూ సాయంత్రం అప్పలస్వామి మంచం పక్కన కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పిపోయేవాడు.

అలాంటివాళ్ళను ప్రభువు దగ్గరికి తేవడం నా ఉద్యోగం. ఆ రోజు నేను వెళ్ళింది, మీరు ఇలాగే ఉండిపోండి అని అడగడానికి. ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు నీళ్ళు నమిలాను. చివరికి అంతా చెప్పేశాను. ఒకరోజు ఉన్నట్టుండి మేమంతా కనబడకుండా పోవచ్చని, అప్పుడు అప్పలస్వామికి దిక్కెవరని పైడమ్మ దిగులని.

ఆయన నవ్వలేదు. "మీరూ ఎల్లిపోతారేటమ్మా?"

"ఆశ పడుతున్నానండి."

"పాస్టరు గారో?"

"ఆయన కూడా."

"మరి నాను?"

ఇంత మంచి మనిషి మొహం చూసి మీరు మిగిలిపోతారని ఎలా అనను? "మీరూ నమ్మితే..." అని ఏదో గొణిగాను.

"నాను అప్పన్న మనిసిని. ఉండిపోతాన్లెండి." కోపం లేదు ఆ గొంతులో. "ఉండేవోడే కదా మీకిప్పుడు కావాల."

ఆయన పంచె సర్దుకుని కూర్చుని, పోర్టు సంగతి చెప్పాడు. తిరుగుతున్న బెల్టును వదిలి మనిషి కదలకూడదట. షిఫ్టు అయిపోయినా సరే, ఇంట్లో ఏమైనా సరే. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవరు, వచ్చి భుజం మీద చెయ్యేసి, "తీసుకున్నాను, ఎల్లు" అనాలి. ఆ మాట విన్నాకే కదలాలి.

"మా బావకి నాను సేనా యేళ్ళు రిలీవర్ని. ఒక్క నాడు లేటు రాలేదు, కావాలంటే ఆడినే అడగండి. సెల్లికి సెప్పండి, ఎప్పుడెల్లినా ఎల్లమని."

చెప్పాను. పైడమ్మ ఒప్పుకోలేదు. "అన్నియ్య మగోడు. ఆయనకి అన్నం పెట్టడం ఏటి తెలుసు?" అంది. బాప్తిస్మానికి ఇచ్చిన పేరు కూడా వెనక్కి తీసుకుంది. విక్టర్ గారి వరస కూడా గ్యారంటీ కాదని నేనే చెప్పాను గనక. అది చెప్పి తప్పు చేశానేమోనని సంఘంలో ఒకరిద్దరు అన్నారు. నాకైతే అలా అనిపించలేదు.

గురునాయుడు పట్టు వదల్లేదు. ఆదివారం ఆదివారం డ్యూటీకి వచ్చేవాడు. పైడమ్మ మందిరంలో ఉన్నంతసేపూ ఆయనే అన్నీ చూసుకునేవాడు. మొదట్లో అప్పలస్వామి ఒకటే గోల. "ఈడు ముద్ద పెడితే నోట్లోకి కాదు, మెళ్ళోకి ఎల్తంది" అనేవాడు. తర్వాత ముద్దలు చిన్నవయ్యాయి. నడుం కింద తువ్వాలు వేసి లాగి పక్కకు తిప్పడం కూడా నేర్చుకున్నాడు. పైడమ్మ చాప చివర నుంచి కాస్త కాస్తగా లోపలికి జరగడం నేను చూశాను.

మధురవాడ నుంచి తిరిగి వచ్చిన రోజు

ఒకసారి మధురవాడలో స్త్రీల ఉపవాస ప్రార్థన పెట్టారు. పైడమ్మ మొగుణ్ణి వదిలి అంత దూరం రావడం అదే మొదలు. సాయంత్రం కాఫీ వేళకు వచ్చేస్తామని చెప్పి వెళ్ళాం. తిరిగొచ్చే దారిలో కుండపోత వాన. రోడ్డు మీద నీళ్ళు నిలిచి బళ్ళన్నీ ఆగిపోయాయి. మా వ్యాను అక్కడే. నా ఫోను చార్జింగు అయిపోయింది, మిగతావాళ్ళ ఫోన్లు కలవలేదు. పైడమ్మ కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుంది.

చీకటి పడ్డాక వీధి చేరాం. పైడమ్మ చెప్పులు చేత పట్టుకుని బురదలో పరుగెత్తింది, వెనక నేను. లోపల లైటు వెలుగుతోంది. అప్పలస్వామి మొహం కడిగించి, బొట్టు కూడా పెట్టి ఉంది, పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు, వీపు వెనక దిండు. అన్నం గిన్నె తోమి బోర్లించి ఉంది. గురునాయుడు మంచం పక్కనే చాప పరుచుకుని, తన దుప్పటీ, బీడీకట్టా, మందుల డబ్బా అన్నీ తెచ్చేసుకుని కూర్చున్నాడు. పైడమ్మను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏటి సెల్లీ, వచ్చీసినావేటి? నాను ఏడేళ్ళకి సిద్దమైపోనాను."

మంచం మీంచి అప్పలస్వామి అందుకున్నాడు. "నాను సెప్తన్నాను, అది వాన్లో సిక్కుకుందిరా బావా అని. ఇంటేనా? మందిరానికెల్లి సూసొచ్చినాడు."

"ఏం చూసొచ్చారు?" అన్నాను నేను.

గురునాయుడు కాస్త సిగ్గుపడ్డాడు. "పాస్టరు గారు ఉన్నాడో లేడోనని. ఉన్నాడు. కుర్చీలు తుడుసుకుంతన్నాడు. నాకేటీ పాలుపోలేదమ్మా. ఇంకా అవ్వలేదా, లేపోతే ఆయన్ని కూడా వదిలీసినారా అని. ఆయన్ని అడగడం బాగోదు కదా. ఎందుకైనా మంచిదని దుప్పటి తెచ్చీసుకున్నాను."

ఈ కథ తర్వాతి ఆదివారం విక్టర్ గారే మైకులో చెప్పి, తనే ముందు నవ్వారు. ఆ రాత్రి మాత్రం పైడమ్మ నవ్వలేదు. మంచం దగ్గరికి వెళ్ళి మొగుడి వీపు మీద చెయ్యి వేసి చూసింది. పొడిగా ఉంది, ఎక్కడా ఎర్రబడలేదు. అలాగే కింద కూర్చుని, మంచం కోడు పట్టుకుని, పెద్దగా ఏడ్చింది. నేను ఆ ఇంట్లో చాలా కాలం తర్వాత ప్రార్థన చేశాను. గురునాయుడు కూడా చేతులు జోడించాడు, ఆయన ఎవరికి జోడించాడో నేను అడగలేదు.

మర్నాడు పైడమ్మ నా దగ్గర ఉన్న పాటల పుస్తకం అడిగి తీసుకుంది.

సముద్రం దగ్గర

మా బాప్తిస్మాలు సముద్రంలోనే, తెల్లవారాక, అలలు కాస్త నెమ్మదిగా ఉన్నప్పుడు. దూరంగా పోర్టులోకి పోవడానికి ఓడలు వరసలో ఆగి ఉన్నాయి. సంఘం అంతా ఇసుకలో నిలబడి పాడుతోంది. అప్పలస్వామి తానూ వస్తానన్నాడు. గురునాయుడు, వాళ్ళబ్బాయి కలిసి మోసి ఆటోలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ఆటోను ఇసుక అంచు దాకా తెచ్చి నిలిపారు.

నీళ్ళలోకి దిగే ముందు పైడమ్మ విక్టర్ గారిని అడిగింది. "అయ్యగారూ, ముందా, తర్వాతా?"

"నేను తర్వాత అనుకుంటున్నానమ్మా. కాకపోవచ్చు కూడా."

"ఎప్పుడైనా పరవాలేదులెండి" అంది.

నన్ను ఈ మధ్య మీ బడి పిల్ల ఒకతి అడిగింది, ఇంతకీ మీరు ఏ వరస నమ్ముతారక్కా అని. నేను 'ముందే' అనే ఇంట్లో పుట్టాను. ఇప్పుడు నాకు తెలియదు. ఈ వయసులో అలా ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆయన వస్తాడని తెలుసు, అది చాలు నాకు. మీరు ఏ వరసైనా నమ్మండి, ఏదైనా బోధించండి. బోధించే ముందు మాత్రం, ఈ మాట విన్నాక రేపు ఏ ఇంట్లో ఎవరి అన్నం ఆగుతుందో ఒకసారి చూసుకోండి.

పైడమ్మ తెల్లచీరలో నడుం లోతు దాకా వెళ్ళింది. విక్టర్ గారు ఒక చెయ్యి ఆమె వీపు వెనక పెట్టి, రెండో చెయ్యి పైకెత్తారు. ముంచబోతుంటే ఆవిడ ఆగమంది. పాట ఆగిపోయింది. మళ్ళీ మనసు మారిందేమో అనుకున్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి ఆటో వైపు చూసింది.

గురునాయుడికి ముందు అర్థం కాలేదు. ఆటోలోంచి అప్పలస్వామి, వంకర నోటితో, "సెప్పరా బావా, సెప్పకపోతే అది కదల్దు" అన్నాడు. గురునాయుడు అప్పలస్వామి భుజం మీద చెయ్యి వేశాడు. అలల చప్పుడులో వినబడాలని గొంతెత్తి చెప్పాడు.

"తీసుకున్నాను సెల్లీ. ఎల్లు."

పైడమ్మ తల ఊపి, ఇటు తిరిగి, కళ్ళు మూసుకుంది.